పుక్కిలించిన మందు

డిపో మేనేజరు గారికి,

మా మనవరాలు తాగి బస్సు నడపడానికొచ్చిందని అందరి ముందూ అన్నారు. తాగలేదు, పుక్కిలించింది. పన్ను పీకించుకున్న పిల్లకు డాక్టరిచ్చిన మందులో ఆల్కహాలుంది. ఉమ్మేసిన నిమిషానికే మీరు యంత్రంలో ఊదించారు. అందులోని సెన్సరుకు ఆల్కహాలు తగిలితే కరెంటు పుడుతుంది, అంకె పడుతుంది. అది రక్తంలోంచి ఊపిరితో వచ్చిందా, నోట్లోంచా అన్నది దానికి పట్టదు. నోట్లోదైతే పావుగంటలో పోతుంది, అందుకే ఆగి మళ్ళీ ఊదించాలి. "యంత్రం అబద్ధమాడదు, రేపటినుంచి డ్యూటీకి రావద్దు" అన్నారట. యంత్రం ఆడలేదు లెండి, ఆ పని మీరు చేశారు. ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, మొద్దులు నాకు కొత్త కాదు.

ఆ మందు సీసా పంపుతున్నాను. మూతెడు పుక్కిలించి, ఉమ్మేసి, డ్రైవర్లందరి ముందూ ఊదండి. పావుగంటకు మళ్ళీ ఊదండి. యంత్రమిచ్చే రెండు చీటీలూ నోటీసు బోర్డుకు అంటించి, బస్సు తాళాలు పిల్లకివ్వండి. సీసా తిరిగి పంపండి, పిల్ల ఇంకా మూడు రోజులు వాడాలి.

మీ డ్రైవరు అమ్మమ్మ