వీడియోలో ఎడమ పక్క ఉన్నది నేనే

సిద్దిపేట,
ఆదివారం.

చెల్లె సంధ్యకు,

అక్క కృప దీవించి రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నామని రాయాలి కదా, రాశాను. ఇక అసలు సంగతి చదువు.

నువ్వు పార్శిల్‌లో చీటీ పెట్టి అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. మీ బావకు మోకాలి నొప్పి తగ్గింది, మళ్ళీ ఆటో తోలుతున్నాడు. బాపు దవాఖాన మందులు వేసుకుంటున్నాడు, మనకు తెలియదనుకుని చాటుగా చుట్ట కూడా తాగుతున్నాడు. నా బిడ్డ సౌమ్యకు నువ్వు పంపిన డ్రెస్సు సరిపోయింది కానీ వేసుకోలేదు. "ఫోన్ ఎందుకు ఎత్తుతలేవక్కా?" అని అడిగావు. ఎత్తితే నా తిట్లు కూడా రికార్డు చేసి, కింద ఇంగ్లీషు ముక్కలు రాసి, లోకానికంతా పాఠం చెబుతావేమోనని ఎత్తలేదు. కాగితమైతే నువ్వొక్కదానివే చదువుకుంటావు.

"వీడియో ఎట్లుంది?" అని కూడా అడిగావు. నీకు సిగ్గుందా సంధ్యా?

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నేను చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటే ఎదురుగా ఫోన్ పట్టుకుని కూర్చున్నావు. మంచి చీర కట్టుకొస్తానంటే, "వద్దక్కా, గిట్లనే మంచిగున్నవ్. జుట్టు గట్లనే ఉండనీ, జర నవ్వు" అన్నావు. దూరాన ఉంటుంది కదా, నన్ను చూసుకోవడానికి తీసుకుంటోందనుకుని, పిచ్చిదాన్ని, నవ్వాను కూడా.

ఆ నవ్వు తీసుకుపోయి ఎక్కడ పెట్టావో ఇప్పుడు తెలిసింది. తేడాలు చెప్పే ఇంగ్లీషు జాతీయాలట! ఎడమ పక్క నేను, కుడి పక్క నువ్వు. 'చాక్ అండ్ చీజ్' అన్నప్పుడు నా పగిలిన మడమలు, నీ హైహీల్స్. 'పోల్స్ అపార్ట్' అన్నప్పుడు నా బీడీల చాట, నీ లాప్‌టాప్. 'నైట్ అండ్ డే' అన్నప్పుడు నా ముఖం, నీ ముఖం. చివర్లో "మేమిద్దరం ఒక్క తల్లి పిల్లలమంటే నమ్ముతారా?" అని కిలకిలా నవ్వావు. ఎవరో "పనిమనిషా?" అని కింద రాస్తే, దానికి కూడా గుండె బొమ్మ పెట్టావు. చెల్లివి నువ్వు! "కాదు, మా అక్క" అని రెండు ముక్కలు రాయడానికి నీ వేళ్ళు పడిపోయాయా?

తేడా లేదని నేనూ అనను. నేను పదో తరగతితో ఆగిపోయాను, నువ్వు చదువుకున్నావు. దానికి నేనెన్నడూ కుళ్ళలేదు. "మా చెల్లె ఇంగ్లీషు టీచర్" అని బీడీల కార్ఖానాలో కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఉన్న తేడా నాకు తెలుసు. దాన్ని తమాషా చేసి చూపించమని నేను అడిగానా?

నన్నొక్కదాన్నే అంటే ఓర్చుకునేదాన్ని. సౌమ్య క్లాసులో వాళ్ళ టీచర్ ఆ వీడియోను పెద్ద తెర మీద వేసింది. నేనెవరో ఆమెకు తెలియదు, ఆమెను తప్పుపట్టను. వెనక బెంచీలో ఒక పిల్ల గుర్తుపట్టి, "ఏయ్, గీమె సౌమ్యోళ్ళ అమ్మ గాదు?" అందట. అప్పటినుంచి నా బిడ్డ పేరు 'చాక్'. ఆ పిల్లల్లో సగం మంది చీజ్ ఎన్నడూ తిని ఉండరు, సుద్దముక్క మాత్రం రోజూ చూస్తారు. టీచర్ సుద్ద చేతిలోకి తీసుకుంటే చాలు, వెనక్కి తిరిగి దాన్ని చూసి నవ్వుతున్నారట. అది ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. నిన్న స్కూలు నుంచి వస్తుంటే దాని దోస్తు సంగీత చెప్పింది.

నిన్న స్కూల్లో ఏం జరిగిందో రాయాలా వద్దా అని ఇంతసేపూ మాట తిప్పుతున్నాను. మీ బావకు కూడా చెప్పలేదు. రాస్తున్నాను, చదువు.

నిన్న తల్లిదండ్రుల మీటింగు. పొద్దున్నే సౌమ్య, "అమ్మా, నువ్వు రాకు, డాడీని పంపు" అంది. "డాడీకి కిరాయి ఉందే, నేనే వస్త" అన్నాను. ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వెళ్ళాను. వీడియో వేసిన ఆ టీచరే మార్కుల కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

"సౌమ్యా, మీ ఇంట్లకెళ్ళి ఎవరొచ్చిన్రు?" అని అడిగింది.

సౌమ్య నా వైపు చూడలేదు. "మా పక్కింటామె, టీచర్. అమ్మకు పానం మంచిగ లేదు" అంది.

టీచర్ నన్ను చూసి, "అవునామ్మా?" అంది. సౌమ్య ముఖం చూశాను. నిజం చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలుతోంది. ఆ టీచర్ కూడా నన్ను గుర్తుపడుతుందేమోనని నా బిడ్డ భయపడి చస్తోందని, దారిలో సంగీత చెప్పాకే తెలిసింది సంధ్యా.

"అవును టీచర్, పక్కింటిదాన్నే" అన్నాను.

పక్కింటివాళ్ళకు మార్కులు చెప్పరట. బయట వరండాలో నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక దాని మీదికి చెయ్యి ఎత్తాను. కొట్టలేకపోయాను. కొట్టాల్సింది దాన్ని కాదు. అది మూల కూర్చుని ఏడ్చింది, నేను వంటింట్లో ఏడ్చాను. ఇప్పటిదాకా ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

ఆ వీడియో తీసేయి. తీసేసినా, చూసినవాళ్ళు మరిచిపోరని నాకు తెలుసు. వచ్చే ఆదివారం బస్సెక్కి రా. ఫోన్ సంచిలోంచి తీయకు. నా కాళ్ళమీద పడి ఏడవకు, ఆ వేషాలు నా దగ్గర వద్దు. నా బిడ్డ ముందు కూర్చో. తేడాలు అంత బాగా చెబుతావు కదా, తల్లికీ పక్కింటామెకూ తేడా ఏమిటో దానికి చెప్పు. నాకు నోరు రాలేదు.

ఇట్లు,
సౌమ్య తల్లి