పట్టుపోగు ముడి

మంగళవారం, ధర్మవరం

నేను పెళ్లిళ్లు తీసే చేతి గింబల్ కెమెరా పోయిన వారం నాయన చేతిలోంచి పడింది. "జారిపోయిందప్పా" అన్నాడు, అంతే. ఈరోజు కొత్త కేబుల్ వచ్చింది. ఇంట్లోనే బాగుచేద్దామని కూర్చున్నాను.

విప్పి చూస్తే, కెమెరా మెడ దగ్గర తెగిన సన్నటి రిబ్బన్ కేబుల్ కొసలు రెండూ పట్టుపోగుతో ముడేసి ఉన్నాయి. మగ్గం మీది పోగులా అతుక్కుంటుందని నాయనే నాకు తెలియకుండా ముడేసినట్టున్నాడు. ఆయన వేసిన ముడి ఏ చీరలోనూ ఎవరికీ కనిపించేది కాదు. ఇది బఠాణీ గింజంత ఉంది. మగ్గం మానేసింది కళ్లు ఆనకనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

కేబుల్ మార్చాను. కెమెరా తలెత్తింది. పట్టుకున్న చెయ్యి ఎంత వణికినా బొమ్మను కదలనివ్వదు అది.

"నాయనా, ఇట్ల చూడు" అన్నాను.

"నన్నేం తీస్తావులేప్పా" అంటూ చేతులు రెండూ తువ్వాల కింద పెట్టుకున్నాడు.