తాతా, సూది విరిచింది నేనే

తాతా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. నీ ఫోటోకి దండ వేశాక నీ రికార్డ్ ప్లేయర్ పెట్టాలని నాన్న అనుకుంటున్నాడు. నీకిష్టమైన షెహనాయి రికార్డు అప్పుడే తీసి బల్ల మీద పెట్టాడు. కానీ ప్లేయర్‌కి సూది లేదు.

నువ్వు వర్క్‌షాపు నుంచి తెచ్చిన కాటన్ వేస్టు దారాల ఉండతో సైకిలూ, కళ్ళజోడూ, అన్నీ తుడిచేవాడివి కదా. రేపటి కోసమని పొద్దున సూది మీద దుమ్ము నేనూ దాంతోనే తుడిచాను. ఒక దారప్పోగు చిక్కుకుంది. లాగాను. టిక్‌మని చిన్న చప్పుడు వచ్చింది, అంతే.

స్కూలు నుంచి నేరుగా గోల్ బజార్‌లో ఆడియో షాపుకి వెళ్ళాను. షాపాయన మన తెలుగాయనే. విరిగిన ముక్క చూసి నవ్వాడు.

"మీ తాత ఓవర్‌టైం డబ్బుల్తో కొన్నాడు, పాపా. ఇప్పుడిది డబ్బున్నోల్ల షౌక్. ఈ మోడల్ సూది బయట్నుంచి తెప్పించాలి, మీ నాన్న నెల జీతం మొత్తం పెట్టినా రాదు."

పుట్టినరోజుకి దాచుకున్న డబ్బులు బ్యాగులోంచి బయటికి తీయనేలేదు.

ఇంటికొచ్చి ప్లేయర్ మూత మూసేశాను. అమ్మకి కూడా చెప్పలేదు. నాన్న కొడతాడని కాదు, తాతా. నువ్వు పోయిన రోజు ఆయన ఏడవలేదు. పదకొండో రోజు ఆ రికార్డు పెట్టుకుని ఏడ్చాడు. మళ్ళీ ఇంతవరకూ ప్లేయర్‌ని ముట్టుకోలేదు.

ఇందాక టీ తాగుతూ నన్ను పిలిచాడు.

"రేపు సూది నువ్వే పెట్టమ్మా. నావల్ల కాదు. మా అయ్య సెయ్యి నీకే వచ్చినాది."

ఊఁ అన్నాను, తాతా.