ఫిర్యాదుదారు కోరిక మేరకు

మెదక్,
బుధవారం.

రాహేలక్కకు,

నువ్వు నా ఫోన్ ఎత్తవు. కోపం ఉంటుందని తెలిసే చేస్తున్నాను, నువ్వు ఎత్తవని తెలిసే పెట్టేస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం. వకీళ్ళం కదా, నోటితో చెప్పడానికి ధైర్యం చాలనివన్నీ కాగితం మీద పెట్టడం మాకు అలవాటు. అల్లాదుర్గ్ హాస్టల్లో వంట చేస్తున్నావని మన పాత ఇంటి ఓనరమ్మ చెప్పింది, అడ్రసు కూడా ఆమే ఇచ్చింది. చింపేసే ముందు ఒక్కసారి చివరిదాకా చదువు.

చర్చి వెనక గల్లీలో మనం పక్కపక్క గదుల్లో కిరాయికి ఉన్నప్పుడు, నువ్వు మందుల కంపెనీకి బయల్దేరే ముందు నా తలుపు కొట్టి, టిఫిన్ గిన్నె గడప మీద పెట్టి పోయేదానివి. "తిని సదువు వకీలమ్మా, ఖాళీ కడుపుకు కానూన్ ఎక్కది" అనేదానివి. నేను అప్పటికి వకీలును కాదు. ఆ పేరుతో నన్ను మొదట పిలిచింది నువ్వే.

ఆ కంపెనీ ప్యాకింగ్ మేనేజర్ ఇంద్రకరణ్ మీద నువ్వు ఫిర్యాదు రాసినప్పుడు, ఆడవాళ్ళ ఫిర్యాదులు విచారించే కంపెనీ కమిటీలో బయటి మెంబరు నేనేనని తెలిసి, "మా రజని ఉన్నది గద, నాకేం భయం" అన్నావట తోటి ఆడవాళ్ళతో. నిజానికి ఆ రోజే నేను తప్పుకోవాల్సింది. ఎరిగినవాళ్ళ కేసులో కూర్చోకూడదని లా కాలేజీలో మొదటి ఏడాదే చెబుతారు. తప్పుకోలేదు. ఒక కంపెనీ నన్ను పిలిచి కుర్చీ వేయడం అదే మొదటిసారి. ఆ కుర్చీ వదులుకోబుద్ధి కాలేదక్కా, ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

ఇప్పుడు నీకు చట్టం చెప్పాలి. ఆనాడే చెప్పాల్సింది. ఇట్లాంటి ఫిర్యాదులో విచారణకు ముందు రాజీ చేయొచ్చు, కానీ ఆ ఆడమనిషి తనంతట తాను అడగాలి. కమిటీ అడగకూడదు, కంపెనీ అడగకూడదు, వకీలు అసలే అడగకూడదు. నువ్వు అడగలేదు. గోదాం పక్క గదిలో నేనే నిన్ను కూర్చోబెట్టి చెప్పాను. "అక్కా, సాక్ష్యానికి ఎవ్వరు వస్తలేరు. విచారణ అయితే నిన్ను పదిమందిల నిలబెట్టి అడుగుతరు. రాజీ అయితే ఆయనతోని సారీ చెప్పిస్త, ఇగ నీ జోలికి రాడు." నువ్వు టేబుల్ మీదున్న గోలీల అట్టను వేలితో అటూ ఇటూ తిప్పి, తిప్పి, "నువ్వు మంచిదంటే మంచిదే" అన్నావు.

ఆ ఒక్క మాటను నేను ఇంగ్లీషులో "ఫిర్యాదుదారు కోరిక మేరకు" అని టైపు చేయించాను. దాని కింద ఇంకో వాక్యం ఓనరు పెట్టమన్నాడు, ఫిర్యాదు అపార్థం వల్ల వచ్చిందని. పెట్టాను. నీకు చదివి చెప్పలేదు. "ఏం లేదక్కా, మామూలు కాగితమే" అన్నాను. ఇంద్రకరణ్ గోడకేసి చూస్తూ సారీ అన్నాడు. అందరం చాయ్ తాగాం. నువ్వు తాగలేదు.

ఆ తర్వాత ఐదారు కంపెనీలు నన్ను పిలిచాయి. గొడవ లేకుండా తెంపే వకీలని పేరొచ్చింది. నువ్వు నాలుగు నెలలకే పని మానేసి ఊరు మారావు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెబుతావని భయం.

ఇదంతా ఏడేళ్ళకు ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మొన్న సోమవారం మళ్ళీ అదే కంపెనీలో, అదే గదిలో కూర్చున్నాను. కృతిక అని, టేక్మాల్ వైపు పిల్ల, ఇరవై మూడేళ్ళుంటాయి. ఇంద్రకరణ్ మీదే ఫిర్యాదు. డబ్బాలు చెక్ చేస్తానని వెనకనుంచి వచ్చి నడుం మీద చెయ్యి వేస్తాడని రాసింది. నువ్వు రాసిందీ అచ్చం అదే. ఆయన దర్జాగా కూర్చొని, "పదిహేనేండ్ల సర్వీసుల నా మీద ఒక్క మచ్చ లేదు" అన్నాడు. కంపెనీ ఫైల్లో నీ రాజీ కాగితం లేదు. ఏమైందో ఎవరికీ తెలియదట. మిగిలిన ఒక్క కాపీ నా బీరువాలో ఉంది. అప్పుడు ఆ పిల్ల కమిటీలో ఇంకెవరినీ కాదు, నన్నే చూస్తూ అడిగింది. "ఇంతకుముందు ఈ సార్ మీద ఎవరన్న కంప్లైంట్ ఇచ్చిండ్రా మేడం?"

"రికార్డుల ఏం లేదమ్మా" అన్నాను.

అబద్ధం కాదు చూడు. ఇట్లాంటి నిజాలు చెప్పడంలోనే నేను ఇన్నేళ్ళుగా ఆరితేరాను. ఆ పిల్ల "సరే మేడం" అని బ్యాగు తీసుకొని పోయింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చొని ఏడ్చాను. సిగ్గుతో ఏడవడం నాకు కొత్త.

పై సోమవారం పదకొండింటికి మళ్ళీ విచారణ. ఆ పిల్ల మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. పాత కాగితం బయటికి రాకపోతే రుజువు కాలేదని తేల్చేస్తారు, ఆమెకు పనీ పోతుంది, పేరూ పోతుంది. నేను కమిటీలోంచి తప్పుకొని, ఆనాడు జరిగింది జరిగినట్టు రాసివ్వాలనుకుంటున్నాను. నేను చేసిన మోసంతో సహా. బార్ కౌన్సిల్ దాకా పోతే పోనీ. కానీ అందులో నీ పేరు వస్తుంది. నువ్వు ఇంట్లో ఏం చెప్పుకున్నావో నాకు తెలియదు. నిన్ను అడగకుండా నీ తరఫున రాయడం ఒకసారి చేశాను. ఈసారి అడుగుతున్నాను. నువ్వు వద్దంటే నీ పేరు నా నోట రాదు.

నీ చేతి తిండి తిని చదువుకున్న
రజని


అల్లాదుర్గ్,
శనివారం.

వకీలు రజనికి,

నీ ఉత్తరం అందింది. పోస్టుల వేస్తే సోమవారం దాటుతదని దీన్ని మెదక్ బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపుతున్న. చెల్లె అని రాద్దామనుకున్న గని చెయ్యి రాలే.

రెండుసార్లు చదివిన. మా ఆయన వీరయ్యకు గూడ ఇచ్చి చదివిచ్చిన. ఆయనకు అంతా అప్పుడే తెలుసు. నేను పని ఇడిసిపెట్టి వస్తే "మంచి పని చేసినవ్" అన్న మనిషి ఆయనొక్కడే. కాబట్టి నా ఇల్లు ఆగమైతదని నువ్వు పరేషాన్ గాకు.

నీకు తెల్వని ముచ్చట ఒకటి చెప్త. ఆ కాగితం నువ్వు చదివి చెప్పకపోయినా నాకు అర్థమైంది. నేను ఇంటర్ చదివిన. ప్యాకింగ్‌ల పదేండ్లు ఇంగ్లీషు లేబుళ్ళు చూసినదాన్ని, ఒక్క అక్షరం తప్పున్నా డబ్బా పక్కకు పెట్టేది నేనే. నువ్వు "మామూలు కాగితమే" అంటుంటే నీ మొహం చూసిన. అంతకు జరసేపు ముందే ఓనరు నా ముందటనే అన్నడు, "ఈ ఒక్కటి తెంపితే ఇగ మా పనంత మేడంకే" అని. ఆ రోజు నువ్వు తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకొని వచ్చినవ్. ఎట్లనన్న పిల్ల నిలబడాలె అనుకొని సంతకం పెట్టిన. నిలబడ్డంక నా దిక్కు చూస్తవనుకున్న. నువ్వు చూడలే. నువ్వు రాసిన ఇంగ్లీషు నన్ను గంత బాధ పెట్టలే, గదే పెట్టింది.

తెల్లారినుంచి నా పేరు రాహేలు కాదు, "అపార్థం". "అపార్థం వస్తుంది, జరుగుండ్రి" అని లైన్ మీద అందరు నవ్వేది. ఆ మాట వాళ్ళకు నేర్పింది ఇంద్రకరణే. నాతోని కలిసి అన్నం తిన్న ఆడోళ్ళే నవ్విండ్రు. నాలుగు నెలలు ఓర్చుకున్న, ఇగ చాతగాలే.

ఇంకొకటి విను. కృతిక నాకు తెల్వని పిల్ల కాదు. ఇంటర్ చదివినప్పుడు మా హాస్టల్లనే ఉన్నది. పోయిన నెల నా దగ్గరికొచ్చి ఏడ్చింది. కంప్లైంట్ రాయమని చెప్పింది నేనే. కమిటీల నువ్వున్నవని తెలిసి, నీకు ఆ ప్రశ్న ఎయ్యమని చెప్పింది గూడ నేనే. "కంప్లైంట్ ఉన్నదని మేడం చెప్తే ఆమెను నమ్ము బిడ్డా. లేదంటే ఆమె జాగల వేరేవాళ్ళను పెట్టమని అడుగు" అన్న. ఆ పిల్ల బస్సు దిగి సీదా వంటింట్లకొచ్చి, "రికార్డుల లేదన్నది అక్కా" అన్నది. గంటె చేతుల పట్టుకొని అట్లనే నిలబడ్డ. నీ ఫోన్ ఎత్తకపోయినా, అడిగితే మాత్రం ఉన్నదనే చెప్తవని నాకు లోపల ఒక ఆశ ఉండె. పప్పు మాడింది. ఇన్నేండ్లల్ల ఎన్నడు మాడలే.

కమిటీల నిన్ను మార్చమని కృతిక నిన్న అర్జీ ఇచ్చింది. నీ ఉత్తరం వచ్చినంక గూడ నేను వాపసు తీసుకొమ్మని చెప్పలే, చెప్ప.

నువ్వు పర్మిషన్ అడిగినవ్. ఇయ్య. నా తరఫున నువ్వు రాసుడు ఇగ చాలు. నేనే వస్త. విచారణ నాడు పొద్దటి బస్సుకు నేను, వీరయ్య వస్తం. నాకైంది నా నోటితోని చెప్త, తెలుగుల రాసుకొమ్మను. నువ్వు చేసింది నువ్వు చెప్పు, నాది అండ్ల కలపకు. ఆ కాగితం మాత్రం తీస్కరా.

మాఫ్ చేయమని నువ్వు రాయలే. మంచిదైంది. రాస్తే ఏం చెప్పాల్నో నాకే తెల్వదు.

ఆ గది బయట సాక్షులకు ఒక్కటే బెంచి ఉంటది, నీకు యాదున్నదో లేదో. నేను ఆనాడు పొద్దంత దాని మీద ఒక్కదాన్నే కూర్చున్న. ఈసారి ఆ చివర నువ్వు కూర్చో, ఈ చివర నేను కూర్చుంట. మనం మాట్లాడుకోకపోయినా మంచిదే. పిల్ల భయపడుతది, నడుమ ఆమెను కూర్చోబెడ్దం.

రాహేలు