కుర్చీలో చుట్టం

శనివారం, రాయచూరు

పాత యాంకర్ రాజన్న గొంతు పాడై ఇంటిపట్టున ఉండిపోయినప్పటి నుంచి, మా కేబుల్ టీవీ వ్యంగ్య చర్చకు వారానికొక యాంకర్. నవ్వే రావడం లేదు. ఇవాళ నా వంతు. చర్చలో కూర్చుని రాజన్న బట్టతలను వారం వారం ఏకిపారేసిన నర్సమ్మక్క, నాతో మహా మర్యాదగా మాట్లాడింది. బ్రేక్‌లో ఎందుకలా అని అడిగేశాను.

"మీరు మెహమాన్ గద సార్! ఇంటికొచ్చినోళ్లను ఎట్ల ఎక్కిరిస్తం?"

అదా సంగతి! షో అయ్యాక, ఇక ప్రతివారం నేనే చేస్తానని మేనేజరుకు చెప్పేశాను. పక్కనే ఉన్న నర్సమ్మక్క నన్ను ఎగాదిగా చూసింది.

"గా కోటేంది? బ్యాండోళ్లను అడిగి తెచ్చినవా?"

సార్ పోయింది, మీరు పోయింది. అది నా పెళ్లికోటు. ఎంత నవ్వానో!

ఇంటికొచ్చాక రాజన్న గుర్తొచ్చాడు. ఇప్పుడు ఆయన బట్టతలను ఎవరు ఏడిపిస్తున్నారో, పాపం...