పంఖా గాలిలో పాప

తాండూరు,
13-5-1962, ఆదివారం.

శ్రీవారికి,

వసంత నమస్కరించి రాసే సంగతులు. ఇక్కడ నేను, పాప క్షేమం. గుట్ట మీద ఆసుపత్రిలో మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ మాటలు ఎప్పుడూ చేయి తనంతట తానే రాసేస్తుంది. ఇవాళ మాత్రం రాసినాక చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. కొట్టేయడానికి మనసొప్పలేదు, అట్లాగే ఉంచాను. మీరు ఈ ఉత్తరం చివరిదాకా మంచం మీదే కూర్చుని చదవండి. మధ్యలో లేచి మెట్లు దిగొద్దు, మీకు నా మీద ఒట్టు.

ముందు మీరు అడిగినవాటికి జవాబు. మీ బొమ్మలు పన్నెండూ పగలకుండా ఎగ్జిబిషను మైదానానికి చేరాయి. నాపరాయి పలకల మీద రంగులు వేయడమేమిటని నవ్వినవాళ్ళే ఇప్పుడు వంగి వంగి చూసి పోతున్నారు. మంగళవారం హైదరాబాదు నుంచి కమిటీ వాళ్ళు వచ్చి, అక్కడి పెద్ద ప్రదర్శనకు మూడు బొమ్మలు ఎంచుతారట. మీరు మంచాన పడకముందు చేసిన పని అంతా ఇదే కదా. ఆ మూడింటిలో మీవి ఉండాలని నేను మొక్కని దేవుడు లేడు.

ఎండ సంగతి అడిగారు. బ్లాకు ఆఫీసు వాళ్ళు స్టాళ్ళకు రేకులు కప్పారు. పన్నెండు దాటితే కింద కూర్చున్నవాళ్ళం వేగిపోతున్నాం. రాయి కాలి, మీరు పూసిన వార్నీష్ మెత్తబడి, పాలిష్ మిల్లుల నుంచి వచ్చే తెల్లటి రాతిపొడి దాని మీద వాలి అతుక్కుంటోంది. మొదటి రోజే అనంతగిరి గుట్ట బొమ్మలో ఆకాశం తెల్లబడింది. మీరు రాసినట్టు మణికట్టు ఆనించి చూస్తే జిగటగా తగిలింది. ఆ సాయంత్రం ఏడ్చేశాను.

మర్నాడు మైకుసెట్ల బాల్‌రాజ్ రెండు టేబుల్ పంఖాలు తెచ్చి పెట్టాడు. నాకు కరెంటంటే ఎంత భయమో మీకు తెలుసు. "ఫికర్ జెయ్యకు వదినా, కట్టెపలక మీద నిలవడితె కరెంటు నిన్నేమనది" అన్నాడు. అయినా రోజూ పొద్దున స్విచ్చి వేసేముందు కళ్ళు మూసుకుని, కట్టె గరిటె కాడతో నొక్కి, రెండడుగులు వెనక్కి దూకేదాన్ని. నవ్వండి, పర్వాలేదు. దగ్గు వచ్చేటట్టుంటే మాత్రం ఆపుకోండి.

వెనక వెదురు కర్రకు తడి గోనెపట్టాలు కట్టాను. వాటి ముందు పంఖాలు, పంఖాల ముందు నా ముక్కాలిపీట. నా ఎదురుగా చాప మీద పాప, రెండు పక్కలా మీ బొమ్మలు. వెనక నుంచి చల్లగాలి నన్ను దాటుకుని పాప మీదికి, బొమ్మల మీదికి పోయేది. రాయి చల్లబడింది, జిగట తగ్గింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. పక్కస్టాలులో విసనకర్రలు అమ్ముకునే శంకరమ్మ ఒకటే ఎకసెక్కాలు. "ఓ వసంతమ్మా, నీ పంఖాలు నా గిరాకంత కరాబు జేసినయి. కరెంటు పోని, నా కాడికే వస్తవు గద!" పాపకు ఆ గాలి ఎంత నచ్చిందో చెప్పలేను. జుట్టు ఎగురుతుంటే కళ్ళు సగం మూసుకుని, నా ముఖంలోకి చూస్తూ, పొద్దస్తమానం ఒకటే కబుర్లు. ఆరు రోజులు అట్లాగే కూర్చుంది.

శుక్రవారం మీ ఉత్తరం వచ్చింది. స్టాలులోనే పీట మీద కూర్చుని పైకి చదివాను, శంకరమ్మ వింటానంటే. మీ వార్డు నర్సు రాహేలమ్మగారు ఎవరి భార్యనో కేకలేసిన ముచ్చట రాశారు కదా, నవ్వుకోమని. "గాలి ఎటుకెల్లి వస్తున్నదో జూసి కూసో తల్లీ! ఆయన దగ్గిండంటే గా గాలంత నీ మొకం మీదికే గద. నువ్వు గాలి మొదట్ల కూసో, ఆయన కొసకుండాలె." శంకరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. నోటికి కొంగు పెట్టుకుని తలెత్తేసరికి ఎదురుగా పాప. గాలికి జుట్టు ఎగురుతోంది, నోరు తెరుచుకుని నాతోపాటు నవ్వుతోంది.

ఇప్పుడు చెప్పేస్తాను. నాకు ఉగాది నుంచి దగ్గు ఉంది. తాండూరులో రాతిపొడికి దగ్గని వాళ్ళెవరు, నాదీ అదే అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడితే ఎండదెబ్బ అనుకున్నాను. పోయిన సోమవారం చేతిగుడ్డలో ఎర్రటి చార కనబడింది. బుధవారం మళ్ళీ కనబడింది. అప్పుడు ఏమీ అనుకోలేదు. అనుకుంటే నిజమవుతుందని భయపడి గుడ్డ ఉతికి ఆరేశాను. మీకు రాస్తే మందులు వదిలేసి బండెక్కి వస్తారు. కమిటీ వాళ్ళు వచ్చేదాకా ఎట్లాగో స్టాలు నడపాలి. ఇవన్నీ సాకులు. అసలు సంగతి, మీకు ఈ క్షయ మొదట్లో ఎట్లా వచ్చిందో పక్కనే ఉండి చూసినదాన్ని, నాకు తెలియక కాదు. నాకు భయమేసింది.

నా పాపకు నేనే పంఖా పెట్టి విసిరానండీ. ఆరు రోజులు, పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా.

శుక్రవారం ఆ క్షణాన గరిటె గుర్తు రాలేదు, కట్టెపలక గుర్తు రాలేదు. గోనెపట్టాల తడి చేతులతోనే రెండు తీగలూ పీకేశాను. పాప ఏడుపు మొదలుపెట్టింది, గాలి కావాలని. ఎత్తుకోబోయి మధ్యలో ఆగిపోయాను. శంకరమ్మ నా ముఖం చూసి, గబుక్కున పాపను చంకనేసుకుని పోయింది. తర్వాత అన్నీ చెప్పాను. ఆమె మాత్రం నా నుంచి దూరం జరగలేదు.

పంఖాలు ఆగినాక రాయి మళ్ళీ కాలింది. కట్టమైసమ్మ జాతర బొమ్మ మీద పొడి అతుక్కుని ముఖాలు మాసిపోయాయి. నిన్న పొద్దున బాల్‌రాజ్ పంఖాలు తిరిగి వేసి, స్టాలులో తనే కూర్చుంటున్నాడు. మిగిలినవి నిలుస్తాయో లేదో తెలియదు. మీ పనంతా పాడు చేశానని మీరు తిడితే పడతాను.

రెండు రోజులుగా పాప శంకరమ్మ ఇంట్లోనే ఉంది. నేను వాకిలి అవతల నిలబడి చూసి వస్తున్నాను. నిన్న సాయంత్రం దాని బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎండకో, జ్వరమో తెలియలేదు. చేయి పెట్టి చూస్తే తెలిసిపోతుంది, పెట్టలేను. "జర చూడవ్వా, కాలుతున్నదా?" అని శంకరమ్మను పదిసార్లు అడిగాను. "ఎండల ఆడింది, గంతేనమ్మా. పరేషాన్ గాకు" అంటుంది. ఆమె అన్నప్పుడు ధైర్యం వస్తుంది, ఇంటికి వచ్చేలోపు పోతుంది. పాప గుమ్మం దాకా వచ్చి, "అమ్మా, నేనేం జేసిన? మంచిగుంట, తీస్కపో" అంది. వెనుదిరిగి వచ్చేశాను.

గురువారం పొద్దుటి బండికి వికారాబాదు వస్తున్నాం. శంకరమ్మ పాపను తీసుకుని ఒక పెట్టెలో ఎక్కుతుంది, నేను ఇంకో పెట్టెలో ఎక్కుతాను. రాహేలమ్మగారికి ముందే చెప్పి, మా ఇద్దరికీ ఎక్స్‌రే తీసేటట్టు డాక్టరుగారిని బతిమాలండి. పాపకు ముందు తీయమనండి. నాకు ఏమున్నా ఫరవాలేదు, ఆ మంచాల్లో ఒకటి నాకూ ఇస్తారు. పాపకు ఏమీ లేదని వినేదాకా నాకు అన్నం దిగదు. ఏమీ లేకపోతే శంకరమ్మ దాన్ని అటు నుంచి అటే కోట్‌పల్లిలో అత్తమ్మ దగ్గర దింపుతుంది. ఉంటే ఏం చేయాలో నేను ఆలోచించలేదు, ఆలోచించలేను.

ఇంకొక్క మాట. మూడు నెలల తర్వాత మిమ్మల్ని చూడగానే పాప చేయి విదిలించుకుని ఉరికి వస్తుంది. మీరు చేతులు చాపొద్దు, వెనక్కి జరగండి. అప్పుడది నా వైపు ఉరుకుతుంది. నేనూ జరుగుతాను. అమ్మా నాన్నా ఇద్దరూ ఎందుకు జరిగారని అది అడిగితే ఏం చెప్పాలో ఈ రెండు రోజులు ఎంత ఆలోచించినా నాకు తోచలేదు. గురువారం లోపల మీరు ఆలోచించి పెట్టండి.

ఇట్లు,
మీ ఇల్లాలు,
వసంతమ్మ.