మీ ఎడమ భుజం

ఏమండీ,

మీరు వెళ్లి ఇవాళ్టికి రెండేళ్ల నాలుగు నెలల పదకొండు రోజులు. నేను బాగానే ఉన్నాను. మోకాళ్లే మాట వినడం లేదు.

ఒక సంగతి చెప్పాలి, నవ్వకండి. నేను బొమ్మలు వేస్తున్నాను. వికారాబాద్‌లో అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు మనవరాలు శ్రావణి మొదలుపెట్టించింది. రోజుకొకటి. ఇప్పటికి నూట నలభై మూడు. ప్రతిదాని వెనకా తేదీ వేశాను. ఫోనులో, బొమ్మలు నేర్చుకునేవాళ్ల గ్రూపులో పెట్టి, తప్పులు చెప్పమంటాను. ముప్పై ఏళ్లు పిల్లల నోటుబుక్కులు దిద్దినదాన్ని... ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లు నన్ను దిద్దుతున్నారు!

మొదట్లో కోపమొచ్చేది. చెంబు మూతి వంకరగా ఉందని ఒకమ్మాయి రాసింది. స్కేలు పెట్టి చూశాను. ఆమె అన్నదే నిజం.

తాండూరులో నాపరాయి మీద మీరు సుద్దతో గీత గీస్తుంటే, ఇంకోసారి కొలవమని వెనక నిలబడి సతాయించేదాన్ని, గుర్తుందా? “జర ఊకోరాదే టీచరమ్మా, రాయి బెదురుతది” అనేవారు.

నిజానికి ఇదంతా మీకోసమే. ఈమధ్య పొద్దున లేవగానే మీ ముఖం వెంటనే గుర్తుకు రావడం లేదు... భయమేసింది. ఫొటోలు చూద్దామంటే, అన్నిట్లోనూ బిగుసుకుని ఉన్నారు. అందులో మీరెక్కడ?

మొన్న ఆదివారం జ్ఞాపకం మీదే మీ బొమ్మ వేశాను. ఎవరిదో చెప్పకుండా గ్రూపులో పెట్టాను. ముగ్గురు జవాబిచ్చారు, ముగ్గురిదీ ఒకే మాట... ఎడమ భుజం కిందికి జారింది, సరిచేయమని. రబ్బరుతో చెరిపి రెండు భుజాలూ సమం చేశాను. చూద్దును కదా... ఎవరో పెద్దమనిషి. మీరు కాదు.

వాళ్ల తప్పేముంది? సొంతంగా రాళ్లు కోసే మిషను పెట్టేదాకా ఇరవై ఏళ్లు ఆ భుజం మీదే రాళ్లు మోశారని వాళ్లకేం తెలుసు? తెలిసినదాన్ని నేను. ఫొటో తీసే ప్రతిసారీ నిటారుగా నిలబడమని గద్దించిందీ నేనే. “ఎట్ల నిలవడ్డా నేనే గదనే!” అని నవ్వి, నా మాట కాదనలేక ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఎందుకు విన్నారు నా మాట...?

ఇవాళ మళ్లీ వేశాను. భుజం జారే ఉంది. ఈయన ఇలాగే ఉండేవారని కింద రాశాను.

చెవి పెద్దదైందట. అది నిజమే, రేపు దిద్దుతాను. భుజం జోలికి మాత్రం ఇక రాను.

మీ
సుశీల